ఖాళీ కుర్చీ ఎవరిది?
పందొమ్మిదో శతాబ్దపు మద్రాసు శాసనమండలిలో సభ్యత్వాలు, ఉప ఎన్నికలు

2015 నవంబరు నెల. మా పెద్దవంగరలో రోడ్డు మీది చాయ హోటల్లో కూర్చొని, ఓటరు చీటీలు పంచుతున్న పిల్లలను చూస్తున్నాను. పక్కనే బల్ల మీద కూర్చున్న మా ఊరి తాత ఒకాయన తన చీటీని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "ఇదేందిరా బిడ్డా, పోయినేడాది ఎండకాలమే ఓటేస్తిమి గద. మల్ల గిప్పుడేం ఓటు? అప్పుడేసింది చెల్లలేదా?" అని అడిగిండు.

చెల్లకపోవడం కాదు తాతా అని చెప్పిన. అప్పుడు మా ఊరు కొడకండ్ల మండలంలోనే ఉంది. పెద్దవంగర మండలం కావడం, మహబూబాబాదు జిల్లాలో కలవడం 2016 ముచ్చట. పాలకుర్తి శాసనసభ నియోజకవర్గం వరంగల్లు లోక్‌సభ స్థానం కిందికి వచ్చేది. 2014లో ఆ స్థానంలో గెలిచిన కడియం శ్రీహరి గారు 2015లో రాష్ట్ర ఉపముఖ్యమంత్రి అయినారు. లోక్‌సభ సభ్యత్వం వదులుకున్నారు. కుర్చీ ఖాళీ అయింది. ఖాళీ అయితే నింపేది మనమే కాబట్టి మళ్లీ మన దగ్గరికి వచ్చిండ్రు. ఇదీ నేను చెప్పిన జవాబు.

తాత చాయ తాగుడు ఆపి కొంచెంసేపు ఆలోచించి, ఇంకో ప్రశ్న వేసిండు. "మరి దొరల కాలంల, మా తాతల కాలంల కుర్చీ ఖాళీ అయితే ఎవలను అడిగేటోళ్లురా?"

ఆ ప్రశ్నకు నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. ఎమ్మే రాజనీతిశాస్త్రం చదివినవాడినే. రాజ్యాంగంలోని అధికరణాల సంఖ్యలు నోటికి వచ్చేవి. కాని తాత అడిగింది ఏ పరీక్షలోనూ రాలేదు. తర్వాత తీరికగా వెతికి తెలుసుకున్నదే ఈ వ్యాసం. సావనీరులో అచ్చువేయదగినంత విషయం ఇందులో ఉందని నా నమ్మకం. ఎందుకంటే ఒక సభ ఎంత ప్రజాస్వామికమో తెలియాలంటే అది నిండుగా ఉన్నప్పుడు చూస్తే సరిపోదు. అందులో ఒక కుర్చీ ఖాళీ అయినప్పుడు, దాన్ని నింపమని ఎవరిని అడుగుతారో చూడాలి.

ఒకే సామ్రాజ్యం, రెండు ధర్మాలు

పందొమ్మిదో శతాబ్దం నడిమికి వచ్చేసరికి బ్రిటిషు సామ్రాజ్యంలో రెండు రకాల వలసలు ఏర్పడ్డాయి. ఇంగ్లీషు వాళ్లు పోయి స్థిరపడిన దేశాలు ఒక రకం. ఇంగ్లీషు వాళ్లు వచ్చి పాలించిన దేశాలు రెండో రకం. కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండు మొదటి కోవలోవి. మన మద్రాసు, బొంబాయి, బెంగాలు రాష్ట్రాలు రెండో కోవలోవి.

మొదటి కోవ వలసల్లో నిజమైన పార్లమెంట్లు ఏర్పడ్డాయి. న్యూజీలాండు పార్లమెంటు 1854లో మొదటిసారి కూడింది. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్సు శాసనసభ 1856లో ఆరంభమైంది. సభ్యుడు చనిపోయినా, రాజీనామా చేసినా, అతని నియోజకవర్గంలో మళ్లీ ఎన్నిక జరిగేది. అది ఇప్పుడు మనకు మామూలు విషయమే. మనకు వింతగా తోచే మరొక నియమం కూడా అక్కడ ఉండేది. సభ్యుడు మంత్రి పదవి స్వీకరిస్తే అతని సభ్యత్వం పోయేది! మంత్రి కావాలంటే మళ్లీ తన ఓటర్ల దగ్గరికి పోయి, ఉప ఎన్నికలో గెలిచి రావాలి.

దీని మూలం ఇంగ్లండులో 1707 నాటి చట్టంలో ఉంది. రాజు జీతం ఇచ్చి సభ్యులను తనవైపు తిప్పుకుంటాడని పార్లమెంటుకు భయం. అందుకని, రాజు దగ్గర జీతం పుచ్చుకునే పదవి తీసుకున్నవాడు మొదట తనను ఎన్నుకున్న జనం సమ్మతి తెచ్చుకోవాలని కట్టడి చేశారు. ఈ ఆచారం వలస పార్లమెంట్లకూ పాకింది. ఇంగ్లండులో అది పూర్తిగా రద్దయింది 1926లో మాత్రమే.

ఈ నియమం ఎంత బలమైనదో చెప్పడానికి కెనడాలో 1858లో జరిగిన ఒక ఘటన చాలు. ఆ ఏడాది ఆగస్టు మొదట్లో జార్జి బ్రౌన్ అనే నాయకుడు మంత్రివర్గం ఏర్పాటు చేశాడు. నియమం ప్రకారం ఆయనా, ఆయన మంత్రులూ సభ్యత్వాలు పోగొట్టుకొని ఉప ఎన్నికలకు పోవలసి వచ్చింది. సభలో వాళ్ల ఓట్లు ఒక్కసారిగా తగ్గిపోయాయి. ఎదుటి పక్షం అదే అదనుగా అవిశ్వాసం నెగ్గించుకుంది. రెండు రోజులకే ఆ మంత్రివర్గం కూలిపోయింది. అంతకుముందు దిగిపోయిన మాక్డొనాల్డు, కార్టియే మళ్లీ గద్దెనెక్కారు. మరి వాళ్లకు ఉప ఎన్నికలు వద్దా? ఒక పదవికి రాజీనామా ఇచ్చినవాడు నెల రోజుల లోపల ఇంకో పదవి తీసుకుంటే ఉప ఎన్నిక అక్కరలేదని అక్కడి చట్టంలో ఒక సందు ఉంది. మాక్డొనాల్డు ఒకరోజు తపాలా శాఖ మంత్రిగా ప్రమాణం చేసి, మర్నాడే తన పాత పదవికి మారిపోయాడు. తక్కినవాళ్లూ అట్లాగే చేశారు. జనం దగ్గరికి పోకుండా తప్పించుకున్నారు. కోర్టుకు పోయినా అది చెల్లుతుందనే తీర్పు వచ్చింది. అయినా లోకం దాన్ని మెచ్చుకోలేదు.

ఇక్కడ గమనించవలసింది ఒక్కటే. ఎత్తులూ జిత్తులూ ఎన్ని ఉన్నా, ఖాళీ కుర్చీ ఓటరుదే అన్న సూత్రం అక్కడ వేళ్లూనుకుంది. తప్పించుకోవడానికి కూడా సందు వెతకవలసి వచ్చింది.

మద్రాసులో: గవర్నరు గారి చిత్తం

అదే సామ్రాజ్యంలో మన సంగతి చూద్దాం. 1861లో బ్రిటిషు పార్లమెంటు ఇండియన్ కౌన్సిల్స్ చట్టం చేసింది. మద్రాసు గవర్నరు గారి కార్యవర్గానికి శాసనాలు చేసే పనికోసం నలుగురికి తక్కువ కాకుండా, ఎనిమిది మందికి మించకుండా అదనపు సభ్యులను చేర్చుకోవచ్చునన్నది. వారిలో సగం మందైనా సర్కారు ఉద్యోగులు కానివారై ఉండాలి. గడువు రెండేండ్లు. అందరినీ నియమించేది గవర్నరే. ఆంధ్ర ప్రాంతంలోని సర్కారు జిల్లాలు, దత్త మండలాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి కాబట్టి తెలుగువారికి తెలిసిన మొదటి శాసనసభ ఇదే అనుకోవచ్చు.

సభ అన్నామే గాని దాని అధికారం చాలా కొంచెం. తమ ముందుకు వచ్చిన బిల్లు గురించి తప్ప వేరే మాట ఎత్తరాదు. ప్రశ్న అడగరాదు. ఖర్చుల లెక్క చూడరాదు. సభ ఆమోదించిన చట్టానికి గవర్నరు, ఆపైన గవర్నర్ జనరలు ఒప్పుకోవాలి.

ఈ మండలిలోకి వచ్చిన మొదటి భారతీయుడు వి. సదగోపాచార్లు అనే న్యాయవాది. ఆయన 1863లో చనిపోయారు. కుర్చీ ఖాళీ అయింది. మరి ఎవరిని అడిగారు? ఎవరినీ అడగలేదు. గవర్నరు గారు గాజుల లక్ష్మీనరసు శెట్టి గారిని నియమించారు. పని అయిపోయింది.

లక్ష్మీనరసు శెట్టి గారు అనర్హులని నా భావం కాదు. అంతకన్నా అర్హుడు ఆ రోజుల్లో మద్రాసు పట్టణంలో దొరకడం కష్టం. 1806లో పుట్టిన ఈ తెలుగు వర్తకుడు 1844లో క్రెసెంటు అనే పత్రిక నడిపారు. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్‌ను స్థాపించారు. రైతుల దగ్గర శిస్తు వసూలు చేయడానికి సర్కారు నౌకర్లు పెడుతున్న చిత్రహింసల గురించి ఆ సంఘం బ్రిటిషు పార్లమెంటుకు అర్జీ పెట్టింది. తర్వాత విచారణ సంఘం ఏర్పడి, హింస నిజమేనని 1855లో నివేదిక ఇచ్చింది. అటువంటి మనిషి సభలోకి రావడం మంచిదే. కాని ఆయన ఎవరి పక్షాన వచ్చినట్టు? శిస్తు కట్టలేక దెబ్బలు తిన్న రైతు ఆయనను పంపలేదు. గవర్నరు పంపారు. గవర్నరు దయ తలిస్తే లక్ష్మీనరసు శెట్టి వస్తారు, తలవకపోతే సర్కారుకు తల ఊపే జమీందారు వస్తారు. జనానికి రెండూ ఒకటే, ఎందుకంటే రెండింటిలోనూ వాళ్ల ప్రమేయం లేదు. శెట్టి గారు 1868లో కన్నుమూశారు.

ఖాళీల గురించి 1861 చట్టం చెప్పిన పద్ధతి కూడా తెలుసుకోవాలి. సభ్యుడు చనిపోయినా, రాజీనామా చేసినా, సర్కారు కొలువు స్వీకరించినా ఆ స్థానం ఖాళీ అవుతుంది. గవర్నరు మరొకరిని పిలవవచ్చు. కొత్తగా వచ్చినవాడు పాతవాడి మిగిలిన గడువు వరకే ఉంటాడు. కొలువు స్వీకరిస్తే సభ్యత్వం పోవడమన్న మాట చూశారా? ఇది ఇంగ్లండు నియమం లాంటిదే. అక్కడ అది జనాన్ని మళ్లీ అడగడానికి ఏర్పడ్డది. ఇక్కడికి వచ్చేసరికి నియమం మిగిలింది, జనం మాయమయ్యారు.

1892: ఎన్నిక అనే మాట లేని ఎన్నిక

1885లో బొంబాయిలో కూడిన మొదటి కాంగ్రెసు మహాసభ, శాసనమండళ్లలో ఎన్నికైన సభ్యులు తగినంత మంది ఉండాలని తీర్మానం చేసింది. మద్రాసులో 1884లో ఏర్పడిన మహాజన సభ కూడా ఆ మాటే పదేపదే చెప్పింది. ఏడేండ్లు గడిచిన తర్వాత 1892లో రెండో ఇండియన్ కౌన్సిల్స్ చట్టం వచ్చింది. దాన్ని కామన్స్ సభలో నడిపించినవాడు, తర్వాత వైస్రాయిగా మనకు బాగా తెలిసిన కర్జనే.

ఈ చట్టం మద్రాసు మండలి అదనపు సభ్యులను ఎనిమిదికి తగ్గకుండా, ఇరవైకి మించకుండా పెంచింది. షరతులకు లోబడి ప్రశ్నలు అడగనిచ్చింది. వార్షిక లెక్కల మీద మాట్లాడనిచ్చింది. ఓటు మాత్రం వేయనియ్యలేదు. అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబు మీద మరో ప్రశ్న వేయరాదు. అంటే సర్కారు తప్పు జవాబు చెప్పినా మాట్లాడకుండా కూర్చోవాలి.

అసలు విశేషం సభ్యుల ఎంపికలో ఉంది. చట్టంలో ఎన్నిక అనే మాట ఎక్కడా లేదు. కాని దాని కింద చేసిన నిబంధనల ప్రకారం మద్రాసు కార్పొరేషను, విశ్వవిద్యాలయం, వర్తక సంఘం, మునిసిపాలిటీల కూటములు, జిల్లా బోర్డుల కూటములు తలా ఒక పేరును గవర్నరుకు సిఫారసు చేయవచ్చు. గవర్నరు ఆ పేరును నియమిస్తారు. లోపల జరిగేది ఓటింగే. బయటికి చెప్పేది మాత్రం సిఫారసు, నామినేషను. సంబంధం కుదిర్చింది ఒకరైతే, శుభలేఖ మీద పేరు ఇంకొకరిది వేసినట్టు.

ఓటు వేసిందెవరంటే సామాన్య జనం కాదు. మునిసిపల్ కౌన్సిలర్లు, బోర్డు మెంబర్లు, సెనేటు సభ్యులు. ఆ కౌన్సిలర్లలోనే చాలామందిని సర్కారు నియమించేది. అయినా ఆ ఇరుకు సందులోంచి కొందరు ఘనులు వచ్చారు. హిందూ పత్రికను 1878లో స్థాపించిన ఆరుగురు యువకుల్లో ఒకరైన న్యాపతి సుబ్బారావు పంతులు గారు, మహాజన సభ తొలి అధ్యక్షులు పి. రంగయ్య నాయుడు గారు, ఉత్తర ప్రాంత మునిసిపాలిటీల తరఫున క్రుత్తివెంటి పేర్రాజు పంతులు గారు తెలుగువారి గొంతు వినిపించారు. 1893 నుంచి 1909 దాకా ఎనిమిది విడతల ఎంపికల్లో 38 మంది భారతీయులు మండలిలో కూర్చున్నారు. ఆ కాలమంతా మండలి ఏడాదికి తొమ్మిది రోజులకు మించి కూడలేదంటే, అందులో నోరు విప్పే అవకాశం ఎంతో ఊహించవచ్చు.

ఉప ఎన్నిక లెక్క మారింది

ఇప్పుడు మన అసలు విషయానికి వద్దాం. 1892 చట్టంలోని నాలుగో విభాగం ఖాళీల నియమాన్ని మార్చింది. రెండు నెలలు ఎడతెగకుండా దేశంలో లేకపోయినా, పనికి హాజరు కాలేకపోయినా సభ్యుని స్థానం ఖాళీ అయిందని గవర్నరు ప్రకటించవచ్చు. మరణం, కొలువు, రాజీనామా సరేసరి. ఆ స్థానంలోకి వచ్చినవాడు ఇకమీదట పాతవాడి మిగిలిన గడువుకు కాకుండా, తాను నియమితుడైన తేదీ నుంచి పూర్తి రెండేండ్లు ఉంటాడు.

ఇది చిన్న మార్పుగా కనిపిస్తుంది. ఒక ఉదాహరణ వేసుకొని చూద్దాం. 1893 జనవరిలో నియమితుడైన ఒక సభ్యుడు 1894 అక్టోబరులో చనిపోయాడనుకోండి. పాత చట్టం ప్రకారమైతే కొత్తవానికి మూడు నెలలే మిగిలేవి. ఆ మూడు నెలల్లో మండలి ఒక్కసారైనా కూడుతుందో లేదో తెలియదు. కొత్త చట్టం ప్రకారం అతడు 1896 అక్టోబరు దాకా ఉంటాడు. అంటే ప్రతి కుర్చీకి దాని గడియారం దానిదే.

దీనివల్ల ఒక మేలు, ఒక కీడు. ఉప ఎన్నికలో వచ్చినవానికి పనిచేయడానికి సరిపడా కాలం దొరకడం మేలు. కీడు ఏమిటంటే, మండలి మొత్తానికి ఒక ప్రారంభం, ఒక ముగింపు అనేవి ఉండవు. మన శాసనసభ అయితే అయిదేండ్లకు రద్దవుతుంది. రాష్ట్రమంతా ఒకేసారి తీర్పు చెబుతుంది. మండలిలో అట్లా తీర్పు చెప్పే రోజే లేదు. ఒకడు పోతుంటే ఒకడు వస్తుంటాడు. సభను కాలం కరిగిస్తుందే తప్ప జనం రద్దు చేయలేరు.

ఇంకో సంగతి. ఖాళీలు ఎల్లప్పుడూ మనవారికి కలిసిరాలేదు. 1902 నాటికి భాష్యం అయ్యంగారు, శంకరన్ నాయరు వంటి ఉద్దండుల స్థానాల్లో ఆక్వర్తు, సర్ జార్జి మూర్ అనే ఇంగ్లీషువారు కూర్చున్నారు. ఓటు వేసేవాళ్లు గుప్పెడు మంది అయినచోట, ఆ గుప్పిటిని ఎవరైనా విప్పగలరు.

ఒక మాట ఖరీదు

సిఫారసు అంటేనేమి, ఎన్నిక అంటేనేమి, పనయితే చాలు గద అని ఎవరైనా అనవచ్చు. నేనూ మొదట అట్లాగే అనుకున్నాను. కాని ఆ మాట తేడా వల్ల ఓటు పోగొట్టుకున్నవారిలో మన తెలుగువాళ్లూ ఉన్నారని తెలిసిన తర్వాత నా అభిప్రాయం మారింది.

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి బయలుదేరి దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరింది. చెరకు తోటల్లో పనిచేయడానికి కరారు మీద పోయిన మొదటి కూలీలు అందులో ఉన్నారు. ఆ తర్వాత ఏండ్ల తరబడి మద్రాసు రాష్ట్రం నుంచి తెలుగు, తమిళ కుటుంబాలు నేటాలుకు పోతూనే ఉన్నాయి. కరారు తీరిన కొందరు అక్కడే స్థిరపడ్డారు. కొద్దిమంది ఆస్తి సంపాదించి ఓటర్లయ్యారు. వారి సంఖ్య ఎంత? గాంధీ గారు 1895లో చూపిన లెక్క ప్రకారం తెల్ల ఓటర్లు 9,309 మంది ఉంటే, భారతీయ ఓటర్లు 251 మంది.

ఆ 251 మంది కూడా నేటాలు పార్లమెంటుకు కంటగింపయ్యారు. 1894లో భారతీయులకు ఓటు తీసివేస్తూ బిల్లు తెచ్చారు. అప్పటికి ఇరవై అయిదేండ్లయినా నిండని గాంధీ గారు పదివేల సంతకాలతో లండనుకు అర్జీ పంపారు. జాతి పేరు చెప్పి ఓటు తీయడానికి లండను ఒప్పుకోలేదు. దాంతో నేటాలు వాళ్లు 1896లో తెలివిగా ఇంకో చట్టం చేశారు. జాతి పేరు ఎత్తకుండా, తమ సొంత దేశంలో పార్లమెంటు ఓటు మీద ఏర్పడ్డ ఎన్నికల సంస్థలు లేనివారికి ఇక్కడ ఓటు ఉండదు అన్నారు.

మాకు మునిసిపాలిటీలున్నాయి, శాసనమండళ్లున్నాయి, వాటిలో ఎన్నిక జరుగుతుంది అని గాంధీ గారు పుస్తకం వేసి మరీ వాదించారు. అవతలివారి జవాబు సులువైనది. మీ 1892 చట్టంలో ఎన్నిక అనే మాట చూపించు! ఎక్కడుంది? లేదు. ఉన్నది నామినేషను. లండనులోని వలసల మంత్రి చేంబర్లేను కూడా భారతదేశంలో అటువంటి ప్రాతినిధ్య సంస్థలు లేవన్న వాదాన్ని ఒప్పుకున్నాడు. కొత్త చట్టం నిలబడింది.

చూడండి, ఎంత అన్యాయపు తర్కమో. ఇక్కడ మనకు ఓటు ఇవ్వనిదీ వాళ్లే. ఇక్కడ ఓటు లేదు కాబట్టి అక్కడా ఉండరాదన్నదీ వాళ్లే. మద్రాసు మండలిలో మర్యాదకోసం అన్నట్టు దాచిన ఒక మాట, సముద్రం అవతల చెరకు తోటలో కష్టపడి పైకి వచ్చిన మనిషి చేతిలోని ఓటును లాగేసింది. ఇంకో విచిత్రం ఏమంటే, మద్రాసులో ఈ సిఫారసుల పద్ధతి మొదలైన 1893లోనే న్యూజీలాండులో స్త్రీలందరికీ పార్లమెంటు ఓటు వచ్చింది. ఒకే రాణి ఏలుబడిలో ఇన్ని రకాల మనుషులు!

మరి మన హైదరాబాదు సంగతి?

ఇంతవరకు చెప్పింది మద్రాసు ముచ్చట. మా తాత అడిగింది పెద్దవంగర ముచ్చట. మా ఊరు నిజాం రాజ్యంలోది. ఇక్కడ 1893లో మొదటిసారి శాసనాలు చేయడానికి ఒక మండలి ఏర్పడింది. మొదట్లో అంతా పెద్ద ఉద్యోగులే. 1900లో నిబంధనలు మార్చి ఉద్యోగులు కాని ఆరుగురికి చోటిచ్చారు. ఇద్దరిని జాగీర్దార్లు ఎన్నుకుంటారు. ఇద్దరిని హైకోర్టు వకీళ్లు ఎన్నుకుంటారు. ఇద్దరిని సర్కారే నియమిస్తుంది.

దున్నేవానికి, నేసేవానికి, వెట్టి చేసేవానికి అందులో చోటు లేదు. ఊళ్లో జనానికి అటువంటి సభ ఉన్నదన్న సంగతి కూడా తెలియదు. కాబట్టి తాతా, నీ ప్రశ్నకు జవాబు ఇది: మీ తాతల కాలంలో కుర్చీ ఖాళీ అయితే మీ తాతను ఎవరూ అడగలేదు. జాగీర్దారు కుర్చీ ఖాళీ అయితే జాగీర్దార్లను అడిగారు. వకీలు కుర్చీ ఖాళీ అయితే వకీళ్లను అడిగారు.

ఈ పరిస్థితి మారడానికి యాభై ఏండ్లు, ఒక సాయుధ పోరాటం, ఒక రాజ్యం పతనం కావలసి వచ్చాయి. 1952లో హైదరాబాదు రాష్ట్రంలో వయోజనులందరి ఓటుతో 175 స్థానాల శాసనసభ ఏర్పడింది. ఆ మొదటి ఎన్నికల్లోనే ఉప ఎన్నిక అంటే ఏమిటో కూడా మన జనానికి తెలిసివచ్చింది. నల్లగొండ లోక్‌సభ స్థానంలో నెహ్రూ గారికన్నా ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న రావి నారాయణరెడ్డి గారు భువనగిరి శాసనసభకూ గెలిచారు. మన వరంగల్లు లోక్‌సభకు గెలిచిన పెండ్యాల రాఘవరావు గారు హన్మకొండ, వర్ధన్నపేట శాసనసభ స్థానాల్లో కూడా గెలిచారు. పార్లమెంటులోనూ, శాసనసభలోనూ ఒకే మనిషి సభ్యుడుగా ఉండరాదని రాజ్యాంగం. ఇద్దరూ లోక్‌సభను ఉంచుకున్నారు. వదిలిన కుర్చీలకు మళ్లీ జనం దగ్గరికే పోవలసి వచ్చింది. ఏ గవర్నరు చిత్తమూ అక్కడ పనిచేయలేదు. కొద్ది ఏండ్ల కిందట దొర ముందు చెప్పులు వేసుకొని నడవలేనివాడు ఖాళీ కుర్చీకి వారసుణ్ని నిర్ణయించేవాడైనాడు. ఇంతకన్నా పెద్ద మార్పు ఏముంటుంది?

ఇప్పటి నియమం ఏమంటే, ఖాళీ ఏర్పడ్డ ఆరు నెలల లోపల ఉప ఎన్నిక జరపాలి. ఇది 1996లో ప్రజాప్రాతినిధ్య చట్టంలో చేర్చిన కట్టడి. గడువు ఏడాదికన్నా తక్కువ మిగిలి ఉంటే, లేదా ఆ సమయంలో ఎన్నిక జరపడం కష్టమని ఎన్నికల సంఘం, కేంద్ర ప్రభుత్వం సంప్రదించుకొని ధ్రువీకరిస్తే తప్ప దీనికి మినహాయింపు లేదు. గెలిచినవాడు మిగిలిన గడువుకే సభ్యుడు. అంటే 1861 నాటి లెక్కే మనం తీసుకున్నాం. 1892 నాటి లెక్క వదిలేశాం. కాని ముఖ్యమైన తేడా అడిగేది ఎవరిని అన్నదాంట్లో ఉంది.

మన యూనియను గురించి ఒక మాట

చివరికి మన ఇంటి సంగతి. విద్యార్థి సంఘాల ఎన్నికల మీద లింగ్డో కమిటీ 2006లో ఇచ్చిన సిఫారసుల్లో ఖాళీల గురించి కూడా ఒక నియమం ఉంది. ఎన్నికలైన రెండు నెలల లోపల ముఖ్య పదవి ఖాళీ అయితే మళ్లీ ఎన్నిక పెట్టాలి. ఆ తర్వాత అయితే ఉపాధ్యక్షుడు అధ్యక్షుడు కావచ్చు, సంయుక్త కార్యదర్శి కార్యదర్శి కావచ్చు. ఇది సబబుగానే ఉంది. పైకి వచ్చే ఉపాధ్యక్షుడు కూడా మన ఓటుతో వచ్చినవాడే గద.

కాని ఎక్కడైనా సరే, ఏ సంఘంలోనైనా సరే, ఒక పదవి ఖాళీ అయినప్పుడు నలుగురు గదిలో కూర్చొని ఒక పేరు అనుకొని, మర్నాడు నోటీసు బోర్డు మీద అంటించే పద్ధతి కనిపిస్తే, మిత్రులారా, దాని పుట్టిన తేదీ గుర్తు పెట్టుకోండి. అది మనది కాదు. 1861 నాటి గవర్నరు గారిది. ఆ పేరు లక్ష్మీనరసు శెట్టి గారంతటి మంచివారిదే కావచ్చు. అయినా అడగవలసినవాళ్లను అడగాలె.

నేను ఇదంతా తెలుసుకొని ఊరికి పోయేసరికి తాతకు చూపు మందగించింది. అయినా విన్నడు. నేటాలు ముచ్చట రెండుసార్లు చెప్పించుకున్నడు. అంతా అయినంక, "అంటే బిడ్డా, ఆ నాడు చీటీ పట్టుకొచ్చిన పిలగానితోని 'మల్లెందుకొస్తివిరా' అని కసురుకుంటి గద. తప్పే అయింది" అన్నడు.

తప్పేం లేదు తాతా. ఎందుకొచ్చిండో అడిగినవ్ గద, అది చాలు.